ఆడిషన్‌కి ఏ పాట? కూచిపూడి ఐదు వందల ఏళ్లుగా చెప్తున్న జవాబు

నేను ఇబ్రహీంపట్నం నుంచి మాట్లాడుతున్నా. విజయవాడ పక్కన ఉన్న ఇబ్రహీంపట్నం కాదు, రంగారెడ్డి జిల్లాలో సాగర్ రోడ్డు మీద ఉన్నది. పెద్ద చెరువు, ఎటు చూసినా ఇంజినీరింగ్ కాలేజీ బస్సులు. ఆ ఊరు అన్నమాట.

ఈ ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్న నుంచి పుట్టింది. డ్యాన్స్ నేర్చుకునే పిల్లలు, వాళ్ల కంటే ఎక్కువగా వాళ్ల అమ్మలు అడిగే ప్రశ్న: "ఆడిషన్ ఉంది, ఏ పాట పెట్టుకోవాలి?" చూడటానికి ఇది టీచర్‌ని అడిగి వదిలేసే విషయంలా ఉంటుంది. కానీ తెలుగు నాట్యం చరిత్ర తిరగేస్తే, ఈ ప్రశ్నకి ఏం జవాబు చెప్పారన్న దాని మీదే ఒక ఊరి బతుకు, ఒక కళ పేరు, కొంతమంది ఆడవాళ్ల జీవితాలు ఆధారపడ్డాయని తెలుస్తుంది. ఈరోజు అదే మాట్లాడుకుందాం.

ముందు ఒక మాట క్లియర్ చేసుకుందాం. ఆడిషన్ అంటే యూరప్‌లో మొదట గుర్తొచ్చేది బ్యాలే. స్విట్జర్లాండ్‌లో ప్రి ద లొజాన్ అని యువ డ్యాన్సర్లకి ఒక పోటీ ఉంది, 1973 నుంచి జరుగుతోంది. అక్కడ క్లాసికల్ రౌండ్‌కి ఒక లిస్టు ఇస్తారు. పాత బ్యాలేల నుంచి తీసిన సోలో ముక్కలు, వేరియేషన్లు అంటారు. ఒక్కోటి ఒకటి రెండు నిమిషాలు. ఆ లిస్టులోంచే ఎంచుకోవాలి. చాయిస్ ఉంది కానీ గీత గీసిన చాయిస్.

మన దగ్గర "బ్యాలే" అనే మాటకి అర్థమే వేరు. మన పెద్దవాళ్లు "కూచిపూడి బ్యాలే చూశాం" అంటే కాలివేళ్ల మీద నిలబడే డ్యాన్స్ అని కాదు. నృత్య నాటకం అని. కథ ఉంటుంది, పాత్రలు ఉంటాయి, పాటలు ఉంటాయి. వెంపటి చినసత్యం గారు మద్రాసులో చేసిన "శ్రీకృష్ణ పారిజాతం", "క్షీరసాగర మథనం" లాంటి వాటిని బ్యాలేలనే పిలిచేవాళ్లు. అంటే మన బ్యాలే అసలు సోలో కాదు, ఒక బృందం ఆడే కథ. మరి ఇప్పుడు మన పిల్ల ఆడిషన్‌లో ఒక్కతే నిలబడి, ఐదో పదో నిమిషాల్లో ఏదో ఒక పాటకి ఎందుకు ఆడుతోంది? ఆ మార్పు ఎలా వచ్చిందో చూస్తే, ఏ పాట పెట్టుకోవాలన్నది కూడా కొంచెం కొంచెంగా అర్థమవుతుంది.

మొదటి ఆడిషన్: విజయనగరం

16వ శతాబ్దం మొదటి రోజులు. కడప వైపు సిద్ధవటం సీమని సంబెట గురవరాజు ఏలుతున్నాడు. పన్ను కట్టలేని వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లని కూడా వదలకుండా దారుణంగా హింసించేవాడని మాచుపల్లి కైఫియత్‌లో ఉంది. కైఫియత్ అంటే ఊరి చరిత్ర రాసుకున్న కాగితాలు. కల్నల్ కాలిన్ మెకంజీ అనే బ్రిటిష్ సర్వేయర్, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు మన ఊళ్లు తిరిగి ఇలాంటివి వందలకొద్దీ సేకరించారు. అంటే జరిగిన సంగతికీ, కాగితం మనకి చేరినదానికీ మధ్య చాలా కాలం గడిచింది. అది గుర్తుపెట్టుకునే వినండి.

ఆ కైఫియత్ ప్రకారం, కూచిపూడి భాగవతులు ఆ దారిన పోతూ ఈ ఘోరం విన్నారు. నేరుగా విజయనగరం వెళ్లారు. రాజు వీర నరసింహరాయలు ముందు ఆడే అవకాశం దొరికింది.

ఇప్పుడు వాళ్ల స్థానంలో మీరున్నారనుకోండి. ఎదురుగా రాజు. బాగా ఆడితే బహుమానం, ఆడకపోతే ఖాళీ చేతులు. మామూలుగా ఎవరైనా ఏం చేస్తారు? రాజుగారికి నచ్చే ముక్క పెడతారు. దేవుడి కథో, రాజుని పొగిడే పాటో. వీళ్లు అలా చేయలేదు. ఒకరు గురవరాజు వేషం వేశారు, ఇద్దరు భటులయ్యారు, ఒకరు ఆ హింసకి గురైన స్త్రీ వేషం కట్టారు. దారిలో విన్నదాన్ని అలాగే ఆడి చూపించారు. రాజుకి ముందు అర్థం కాలేదు. ఇదేంటని అడిగి తెలుసుకున్నాడు. తర్వాత సైన్యాన్ని పంపి గురవరాజుని శిక్షించాడని కైఫియత్ చెప్తుంది.

కూచిపూడి భాగవతుల పేరు చరిత్రలో కనిపించే తొలి సందర్భాల్లో ఇది ఒకటి. గమనించండి, వాళ్లు గుర్తుండిపోయింది ఎంత బాగా ఆడారన్నదానికి కాదు. ఏం ఎంచుకున్నారన్నదానికి. ఎవరి ముందు ఆడుతున్నామో, ఆ మనిషి చేతిలో ఏ అధికారం ఉందో వాళ్లకి తెలుసు. ఆ అధికారానికి పనికొచ్చే ముక్కనే తీసుకెళ్లారు.

రెండో ఆడిషన్: గోల్కొండ

ఇది మా ఊరికి కొంచెం దగ్గరి కథ. ఇబ్రహీంపట్నం పేరు, మా పెద్ద చెరువు రెండూ గోల్కొండ సుల్తాన్ ఇబ్రహీం కుతుబ్ షా కాలానివి. ఆయన 1550 నుంచి 1580 దాకా ఏలాడు. చిన్నప్పుడు కొన్నేళ్లు విజయనగరంలో తలదాచుకున్నాడు, తెలుగు బాగా వంటబట్టింది. తెలుగు కవులు ఆయన్ని "మల్కిభరాముడు" అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి "తపతీ సంవరణోపాఖ్యానం" ఆయనకే అంకితం ఇచ్చాడు. మా చెరువు గట్టు మీద నిలబడితే నాకు గుర్తొచ్చేది ఇదే. నీళ్ల కోసం చెరువు తవ్వించిన కొలువులోనే తెలుగు పద్యం కూడా వినిపించింది.

ఆ వంశంలో చివరివాడు అబుల్ హసన్ తానీషా. రామదాసు కథలో వచ్చే తానీషాయే. ఆయన మచిలీపట్నం వైపు పర్యటనకి వెళ్తూ దారిలో కూచిపూడిలో ఆగాడని, భాగవతుల ఆట చూసి మెచ్చి 1678లో ఆ ఊరిని వాళ్లకి అగ్రహారంగా ఇచ్చాడని కూచిపూడి సంప్రదాయం చెప్తుంది. ఒక్క ప్రదర్శన, ఒక ఊరు మొత్తం. ఇంతకంటే పెద్ద ఆడిషన్ రిజల్ట్ నాకు తెలిసి తెలుగు చరిత్రలో లేదు.

ఇక్కడ నాకు ముఖ్యం అనిపించేది ఒకటుంది. చూసేది ముస్లిం సుల్తాన్. ఆడేది భాగవతులు, పేరులోనే భాగవతం ఉన్నవాళ్లు. కృష్ణుడి కథలు వాళ్ల జీవనం. సుల్తాన్ వచ్చాడని వాళ్లు వేరే కళాకారులు అయిపోలేదు. తమ దగ్గర ఉన్నదే చూపించారు, ఆయన దాన్నే మెచ్చాడు. "జడ్జికి మన మతం తెలీదు, మన భాష రాదు, కాబట్టి వాళ్ల టేస్ట్‌కి మారిపోదాం" అనుకునే వాళ్లకి ఈ కథ ఒకటి చెప్పాలి.

అప్పటికి వాళ్ల చేతిలో ఏముంది?

కూచిపూడి అనగానే వచ్చే పేరు సిద్ధేంద్ర యోగి. "భామా కలాపం" ఆయన రచన అని సంప్రదాయం. కూచిపూడిలో పుట్టిన ప్రతి మగపిల్లాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని ఆయన మాట తీసుకున్నాడట. ఆ రోజుల్లో ఆడ వేషాలూ మగవాళ్లే కట్టేవాళ్లు.

భామా కలాపంలో సత్యభామ రాక చూడండి. ముందు తెర పట్టుకుంటారు. తెర వెనక నుంచి సత్యభామ తన జడని తెర మీద నుంచి ఇవతలికి వేస్తుంది. అది అలంకారం కోసం కాదు, సవాలు. "నన్ను మించినవాళ్లు ఉంటే ఈ జడ కత్తిరించండి" అని. ఆ తర్వాత ప్రవేశ దరువు మొదలవుతుంది. దరువు అంటే పాత్ర తన గురించి తానే చెప్పుకునే పాట. నేను ఎవరిని, ఎలాంటిదాన్ని, నా గొప్పేంటి.

ఐటీలో పనిచేసిన వాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఏంటి? "నీ గురించి చెప్పు." ప్రవేశ దరువు సరిగ్గా అదే. నడక, చూపు, మాట, అభినయం, తాళం అన్నీ ఒకే పాటలో బయటపడతాయి. దాచుకోవడానికి చోటుండదు. ఇప్పటికీ చాలామంది గురువులు పెద్ద వేదికకి దీన్ని ఎంచుతారంటే కారణం అందులో తెలిసిన పాట అనే ధీమా ఒక్కటే కాదు, ఒకే ముక్కలో మనిషి మొత్తం కనిపించడం.

ఇంకోటి తరంగం. నారాయణ తీర్థులు సంస్కృతంలో రాసిన "శ్రీకృష్ణ లీలా తరంగిణి" లోని పాటలు. డ్యాన్సర్ ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి, దాన్ని పాదాలతో కదిలిస్తూ తాళం వేస్తుంది. కొందరు తలమీద నీళ్ల చెంబు కూడా పెట్టుకుంటారు. పళ్లెం ఎక్కిన తర్వాత తాళం తప్పితే ఎవరూ చెప్పక్కర్లేదు, పళ్లెమే చెప్తుంది.

పక్క ఊరు మొవ్వ. క్షేత్రయ్య పదాల్లో వినిపించే మువ్వగోపాలుడు అక్కడివాడే. అంటే నాలుగు అడుగుల దూరంలో దరువు, పదం రెండూ దొరికే నేల అది.

మూడో ఆడిషన్: ఢిల్లీ, 1958

ఇప్పుడు అసలు మలుపు. స్వతంత్రం వచ్చింది. రాజులు, సుల్తాన్లు పోయారు. ఆ కుర్చీలో అకాడమీలు కూర్చున్నాయి. 1958లో కేంద్ర సంగీత నాటక అకాడమీ ఢిల్లీలో అఖిల భారత నృత్య సెమినార్ పెట్టింది. దేశంలో ఏ ఏ నృత్యాలు ఉన్నాయి, ఏది శాస్త్రీయం అన్న చర్చ. మన తరఫున విస్సా అప్పారావు గారు కూచిపూడి మీద పేపర్ చదివారు. ఈయన వృత్తికి ఫిజిక్స్ ప్రొఫెసర్, ప్రేమ మాత్రం సంగీతం మీద. క్షేత్రయ్య పదాలని సేకరించి ప్రచురించిన మనిషి. కాంచనమాల గారు నాట్యం చేసి చూపించారు.

ఫలితం? కూచిపూడికి ప్రత్యేక శాస్త్రీయ నృత్యంగా అక్కడ గుర్తింపు దక్కలేదు. భరతనాట్యానికే ఇదొక రూపం కదా అన్న మాట వచ్చింది.

ఎందుకలా అనిపించి ఉంటుంది? ఇది మనం ఆలోచించాల్సిన చోటు. కూచిపూడి అంటే రాత్రంతా నడిచే ఆట. బృందం, తెర, సూత్రధారుడు, హాస్యం, పాత్రలు స్వయంగా మాట్లాడటం, పాడటం. దాన్ని ఒక మనిషి, ఒక వేదిక, కొన్ని నిమిషాల్లోకి కుదిస్తే ఏం మిగులుతుంది? కర్ణాటక సంగీతం మిగులుతుంది, అడుగులు మిగులుతాయి, అభినయం మిగులుతుంది. ఇవన్నీ భరతనాట్యంలోనూ ఉన్నాయి. దూరం నుంచి చూసేవాళ్లకి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. తేడా చూపించే భాగం, అంటే మాట, దరువు, పాత్ర ప్రవేశం, నాటకం, అవి సోలోలో తగ్గిపోతాయి.

హైదరాబాద్‌లో దీనికి జవాబు వచ్చింది. 1959లో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ కూచిపూడి కోసమే సెమినార్ పెట్టింది. నటుడు, న్యాయవాది బందా కనకలింగేశ్వరరావు గారు ఇందులో ముందు నిలబడ్డారు. గురువులు, పండితులు కూర్చుని ఇది శాస్త్రీయమే, ఇది వేరే అని వాదించారు. ఢిల్లీ తీర్పు తర్వాత సరిగ్గా ఒక ఏడాదికి. కోడ్ రివ్యూలో రిజెక్ట్ అయితే మనం కూడా అంతే కదా, డాక్యుమెంటేషన్‌తో మళ్లీ వెళ్తాం.

1961లో వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన దేనికి ప్రసిద్ధులు? సత్యభామ వేషానికి. మగవాడు కట్టిన సత్యభామ. అంటే గుర్తింపు వచ్చిన దారి కూడా తన సొంత పాటే.

కానీ మిగతా ప్రపంచానికి సోలో కావాలి. ఆ పని ముందే మొదలుపెట్టినవారు వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు. ఏకపాత్ర అంశాలు తీర్చిదిద్దారు, కూచిపూడి కుటుంబాల బయటి ఆడపిల్లలకి నేర్పించారు. ఆయన శిష్యుల్లో ఒకరు వెంపటి చినసత్యం గారు. 1929లో కూచిపూడిలో పుట్టి, మద్రాసు చేరి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఇప్పుడు మీ టీచర్ మీకు నేర్పే వరస, జతిస్వరం, శబ్దం, దరువు, తరంగం, తిల్లానా, చాలా మటుకు ఆ కాలంలో స్థిరపడిందే. యామినీ కృష్ణమూర్తి, ఇంద్రాణి రెహమాన్ లాంటివాళ్లు దాన్ని దేశవిదేశాలకి తీసుకెళ్లారు.

ఒక చిన్న పక్కదారి. చినసత్యం గారి ఎన్నో నృత్య నాటకాలకి సంగీతం కూర్చినవారు పట్రాయని సంగీతరావు గారు. ఘంటసాల గారికి సహాయకుడిగా పనిచేసిన మనిషి, హార్మోనియం విద్వాంసుడు. అదే హార్మోనియంని ఆల్ ఇండియా రేడియో 1940లో నిషేధించింది. మన సంగీతంలోని గమకాలు ఆ మెట్ల మీద పలకవు అన్నది వాదన. 1970ల మొదట్లో గానీ ఆ నిషేధం సడలలేదు. అంటే ఒక తలుపు దగ్గర "ఇది పనికిరాదు" అన్న వాయిద్యం పట్టుకుని, ఇంకో తలుపు దగ్గర ఒక మనిషి గొప్ప సంగీతం చేశారు. జడ్జిల రూల్స్ మారతాయి. వాటిని తెలుసుకోవాలి, పాటించాలి. కానీ మన సంగీతం విలువ ఎంతో తేల్చేది అవే అనుకోకూడదు.

ఆడిషన్‌కి పిలవని వాళ్లు

ఇంతవరకూ గెలిచినవాళ్ల కథ చెప్పా. ఇప్పుడు రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే ఇది చరిత్ర కాదు.

కూచిపూడి మగవాళ్లు భామా కలాపం ఆడుతున్న రోజుల్లోనే, తెలుగు నేలంతా ఆడి పాడిన స్త్రీలు ఉన్నారు. కళావంతులు అంటాం. గుళ్లలో, సంస్థానాల్లో, పెళ్లిళ్లలో మేజువాణీల్లో ఆడేవాళ్లు. పదం, జావళి, సలాం దరువు వాళ్ల చేతుల్లో బతికాయి. కూర్చుని ఒక్క కనుబొమ్మతో పదానికి పది అర్థాలు చెప్పగల విద్య అది. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ నిషేధ చట్టం తెచ్చింది. ఆ వ్యవస్థలో దోపిడీ ఉంది, దాన్ని ఆపాలన్నవాళ్ల ఉద్దేశం చిన్నది కాదు. కానీ చట్టంతో పాటు వాళ్ల ఆట కూడా నేరం లెక్కలోకి పోయింది.

పదేళ్లు తిరిగేసరికి ఢిల్లీలో "ఏది శాస్త్రీయం" అని చర్చ జరుగుతోంది. ఆ పాటలు ఎవరి నోట బతికాయో వాళ్లలో చాలామంది ఆ వేదిక చాయలకి కూడా రాలేదు. ఈరోజు ఒక అమ్మాయి ఆడిషన్‌లో జావళి ఆడి అభినయంలో మంచి మార్కులు తెచ్చుకుంటే నాకు సంతోషమే. ఆ పాట ఎవరి ఇంటి నుంచి వచ్చిందో కూడా ఆ అమ్మాయికి తెలిసి ఉంటే ఇంకా సంతోషం. నటరాజ రామకృష్ణ గారు ఆ స్త్రీల దగ్గరికి వెళ్లి, వాళ్ల విద్యని గౌరవంగా నేర్చుకుని, "ఆంధ్ర నాట్యం" పేరుతో మళ్లీ వేదిక ఎక్కించారు. ఆ పని లేకపోతే మనకి చాలా పోయేది.

పాటే లేనప్పుడు?

అదే నటరాజ రామకృష్ణ గారు ఇంకో వింత సమస్య తలకెత్తుకున్నారు. పేరిణి. కాకతీయుల నాటి వీర నృత్యం. గణపతిదేవుడి గజసేనాని జాయప "నృత్త రత్నావళి" అని సంస్కృతంలో నాట్య గ్రంథం రాశాడు, 13వ శతాబ్దం మధ్యలో. అందులో పేరిణి వర్ణన ఉంది. 1213 నాటి రామప్ప గుడిలో రాతి మీద భంగిమలు ఉన్నాయి. పుస్తకం ఉంది, శిల్పం ఉంది. రాయి నుంచి పాట వినపడదు కదా.

ఆయన తీసుకున్న దారి ఏంటంటే, లయని ఆధారం చేసుకోవడం. మృదంగం మోత, శంఖం, జతులు. సాహిత్యం కంటే తాళానికి పెద్దపీట. యుద్ధానికి వెళ్లే మనిషి ఒంట్లో ఆవేశం తెచ్చే సంగీతం. 1985 శివరాత్రికి రామప్ప గుడిలో పేరిణి ఆడించారు. చూడటానికి జనం వెల్లువలా వచ్చారు. 2021లో రామప్పకి యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు చాలామంది ఫోన్లలో తిరిగిన వీడియోల్లో పేరిణి కూడా ఉంది. ఇప్పుడు తెలంగాణలో పేరిణి నేర్చుకునే పిల్లలు ఉన్నారు. వాళ్లకి ఆడిషన్ పాట అంటే మాటలున్న పాట కాదు, మోత. పాట ఎంచుకోవడం అంటే ఒక్కోసారి పాట లేకుండా ఉండటాన్ని ఎంచుకోవడం కూడా.

వేల మందికి ఒకే పాట

ఇంకో ఉదాహరణ. 2010 డిసెంబర్, హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియం. సిలికానాంధ్ర వాళ్ల అంతర్జాతీయ కూచిపూడి నాట్య సమ్మేళనం. 2,800 మందికి పైగా డ్యాన్సర్లు ఒకేసారి ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. అమెరికా నుంచి వచ్చిన పిల్లలు, మన జిల్లాల పిల్లలు, ఒకరినొకరు ఎప్పుడూ చూడనివాళ్లు. ఏ అంశం పెట్టారు? హిందోళ తిల్లానా.

ఎందుకు తిల్లానా అంటే, ఇంజినీర్ బుర్రతో చూస్తే భలే నచ్చుతుంది. తిల్లానాలో ఎక్కువ భాగం జతులే, సాహిత్యం చివర్లో కొంచెం. కథ లేదు, పాత్ర లేదు. ఒకరి సత్యభామ ఇంకొకరి సత్యభామలా ఉండదు, ఉండకూడదు కూడా. కానీ ఒకరి తిల్లానా ఇంకొకరి తిల్లానాతో కలిసిపోగలదు. వేల మందికి సరిపోయేది అదే.

దీన్ని తిరగేసి చూడండి. అందరితో కలిసిపోవడానికి బాగున్న పాట, అందరిలోంచి మిమ్మల్ని విడిగా చూపించాల్సిన ఆడిషన్‌కి ఒక్కటే సరిపోతుందా? తిల్లానా మీ అడుగు, మీ కాలప్రమాణం, మీ దమ్ము చూపిస్తుంది. మీరు ఎవరో చూపించడానికి పక్కన ఇంకోటి కావాలి.

మరి మీరేం పెట్టుకోవాలి?

మా చిన్నమ్మ కూతురు ఇక్కడి నుంచి ఎల్‌బీ నగర్ వైపు బస్సులో వెళ్లి కూచిపూడి నేర్చుకుంటుంది. ఒక ఆడిషన్ కోసం నాకు వాట్సాప్‌లో నాలుగు ట్రాకులు పంపింది. "అన్నయ్యా, ఏది బాగుంది?" అని. ఒక సినిమా పాట, ఒక తిల్లానా, ఒక తరంగం, ఒక ప్రవేశ దరువు. నాకు డ్యాన్స్ రాదు. అందుకే జవాబు చెప్పకుండా మూడు ప్రశ్నలు అడిగా. ఈ ఎపిసోడ్‌లో మీకు చెప్పిన చరిత్రంతా ఆ మూడు ప్రశ్నల్లోనే ఉంది.

ఒకటి. ఎదురుగా కూర్చున్నవాళ్ల చేతిలో ఏముంది, వాళ్లు ఏం వెతుకుతున్నారు? 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకి ఇచ్చే సీసీఆర్‌టీ స్కాలర్‌షిప్ లాంటి చోట ఈ పిల్ల ముందుముందు నేర్చుకోగలదా అని చూస్తారు. అక్కడ కష్టమైన అంశం సగం సగం ఆడటం కంటే, చిన్న అంశం శుభ్రంగా ఆడటం మేలు. ఒక నృత్య నాటకంలో పాత్ర కోసం పిలిస్తే వాళ్లకి కావాల్సింది అభినయం. విజయనగరంలో భాగవతులు చేసింది ఈ లెక్కే.

రెండు. ఈ పాట ఒంటి కోసం కట్టిందా, కెమెరా కోసం కట్టిందా? "సాగర సంగమం", "ఆనందభైరవి" నాకూ ప్రాణమే, రెండూ 1983లో వచ్చాయి. కానీ సినిమా పాట ఎడిటింగ్‌ని దృష్టిలో పెట్టుకుని తయారవుతుంది. మధ్యలో వచ్చే వాయిద్యాల ముక్కకి తెర మీద కొండలు, గుళ్లు, ముఖాలు మారతాయి. వేదిక మీద అవేవీ ఉండవు, మీరొక్కరే ఉంటారు. నాట్యానికి కట్టిన పాటలో ఊపిరి తీసుకునే చోటు ఉంటుంది, ముక్తాయింపు ఉంటుంది, మళ్లీ పల్లవికి వచ్చే దారి ఉంటుంది.

మూడు. ట్రాక్ ఆగిపోతే నువ్వు ఆడగలవా? ఇది అన్నిటికంటే ముఖ్యం. పాడేవాళ్లు, నట్టువాంగం, మృదంగం, వయొలిన్, అందరినీ తెచ్చుకోవడం చాలా ఇళ్లకి అందని ఖర్చు. ఫోన్‌లో ఉన్న ట్రాకే మా లాంటి ఊళ్లలో పిల్లల ఆర్కెస్ట్రా. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ ట్రాక్ మీ కోసం ఆగదు. మీరు ఒక అర క్షణం వెనకబడితే పాడేవాళ్లు చూసి సర్దుకుంటారు, స్పీకర్ సర్దుకోదు. అందుకే పాట నోటికి రావాలి. పాత భాగవతులు ఆడుతూనే పాడేవాళ్లు, తమ మాట తామే చెప్పేవాళ్లు. అంత కాకపోయినా, చేత్తో తాళం వేస్తూ పాట మొత్తం పాడగలిగితే ఆ పాట మీదైనట్టు. పాడలేకపోతే ఇంకా టీచర్‌దే.

ఆ అమ్మాయి మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయింది. రెండు రోజులయ్యాక వాయిస్ మెసేజ్ వచ్చింది. తాళం వేసుకుంటూ దరువు పూర్తిగా పాడి పంపింది. శ్రుతి కొంచెం అటూ ఇటూ ఉంది, ఒక చోట పక్కింటి కుక్కర్ విజిల్ కూడా ఉంది. ఏ ట్రాక్ అని నేను మళ్లీ అడగలేదు.

ఒక్క మాట చెప్పి ముగిస్తా. సుల్తాన్ ముందు ఆడినవాళ్లకి ఊరు వచ్చింది. అకాడమీ ముందు ఆడినవాళ్లకి మొదట "మీది వేరే ఏం కాదు" అన్న మాట వచ్చింది. రెండు చోట్లా వాళ్లు తీసుకెళ్లింది తమ దగ్గర ఉన్నదే. రిజల్ట్ వాళ్ల చేతుల్లో లేదు, పాట ఉంది. ఢిల్లీలో కాదన్నప్పుడు ఆ పాట వదిలేసి ఉంటే, ఈరోజు మన పిల్లలకి ఎంచుకోవడానికి ప్రవేశ దరువు అనేదే మిగిలేది కాదు.

మీ ఇంట్లో ఆడిషన్‌కి రెడీ అవుతున్న పిల్లలు ఉంటే, ఈరోజు రాత్రి ట్రాక్ ఆపేసి ఒక్కసారి పాడమనండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.